ఏనుగు తూటాల గదిలో మా అత్తగారు

వంట గురించి రాయమన్నారు. కాకపోతే పచ్చళ్ళ గురించైనా రాయమన్నారు. ముసలమ్మ కనబడగానే చేతికి గరిటె ఇచ్చేయడం మీ కాలం పిల్లలకు అలవాటు. నేను వంట చేసింది ఇంట్లో. జీతం తీసుకున్నది తుపాకుల షాపులో. ఉద్యోగం గురించి రాయాలంటే తుపాకుల గురించే రాయాలి. చదవడం ఇష్టం లేనివాళ్ళు కాగితం పారేయకండి, వడియాల కింద పరుచుకోవచ్చు.

ముందే చెబుతున్నాను, నేను ఎస్టేటు బడిలో మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత మా బడికి పంతులు రాలేదు, నేనూ వెళ్ళలేదు. మిగిలిన తెలుగంతా సరుకులు కట్టిచ్చిన పాత పత్రికల ముక్కలు చదివి నేర్చుకున్నదే. అందుకే నాకు చాలా కథల మొదళ్ళు తెలుసు, చివరలు తెలియవు. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి. పేర్లు మాత్రం రాయను. పోయినవాళ్ళ పేరు రాస్తే వాళ్ళ మనవలు వచ్చి మా తాత అలాంటివాడు కాదంటారు.

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, దొరల మీద తిరగబడి కొందరు అడవిలోకి వెళ్ళిన కాలం. మెర్డెకా, అంటే స్వతంత్రం, ఇంకా రాలేదు. అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్ళు, రోడ్డు మీద తుపాకులు పట్టుకున్నవాళ్ళు, మధ్యలో ఉత్త చేతులతో మనం. బంటింగ్ దగ్గర మేమున్న ఎస్టేటు ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దువాలితే గేటు మూసేవారు. పాలకోసం రబ్బరు చెట్లు గీయడానికి వెళ్ళేటప్పుడు అన్నం మూట కూడా పట్టుకెళ్ళనిచ్చేవారు కాదు, అడవిలోవాళ్ళకు పెడతామని. నా పెళ్ళయిన కొత్తలోనే మా ఆయనకు క్లాంగ్ రేవులో మూటలు మోసే పని దొరికింది. ఆయన వెనక నేను, నా వెనక మా అత్తగారు కంచె దాటి ఊళ్ళోకి వచ్చిపడ్డాం.

అత్తగారంటే పరాయి మనిషి కాదు, మా నాన్నకు అక్క. పెళ్ళికి ముందు మేనత్తగా భయపెట్టింది, పెళ్ళయ్యాక అత్తగా భయపెట్టింది. భయానికి నేను కొత్త అలవాటు చేసుకోవలసిన అవసరం రాలేదు.

ఊళ్ళో ఒక చీనా తౌకే షాపు ఉండేది, తౌకే అంటే అక్కడ షాపు యజమాని. ముందు గదిలో గాలాలు, వలలు, లాంతర్లు, దొరల టోపీలు. వెనక ఇనుప ఊచల తలుపు దాటితే తుపాకులు. వాటి పక్కన తూటాల గది. ఆ గది చిన్నది, కిటికీ లేదు, తలుపు మీద పొగ తాగరాదని నాలుగు భాషల్లో ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది. నాలుగింటిలో తెలుగు లేదు. ఉన్నా మా అత్తగారికి చదువు రాదు.

తౌకే మా ఇద్దరినీ పనిలో పెట్టుకున్నాడు. అత్తగారికి ఊడ్చే పని. నాకు తుపాకీ గొట్టాలు తుడిచే పని. కడ్డీకి గుడ్డపీలిక చుట్టి, నూనెలో ముంచి, గొట్టంలో తోసి లాగాలి. ఆ పని నేర్పింది ఒక మలాయ్ పెద్దాయన, షాపులో తుపాకులు బాగుచేసేవాడు. మేము ఆయనను పాక్‌చిక్ అనేవాళ్ళం, మన చిన్నాన్న అన్నట్టు. చాలా నెమ్మది మనిషి. మూడు గుడ్డపీలికలు పాడుచేసే చోట నేను ఒక్కటే వాడి, ఉతికి ఆరేసి, మళ్ళీ వాడేదాన్ని. తౌకేకు నేను నచ్చింది అక్కడే.

ఇప్పుడు కొంచెం లెక్క చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. భయపడకండి, వంటింటి లెక్కే.

తుపాకీ ఎంత పెద్దదో చెప్పడానికి దొరలకు రెండు రకాల కొలతలు ఉండేవి. రైఫిలు అయితే గొట్టం వెడల్పును అంగుళంలో ముక్కలుగా చెబుతారు. అక్కడ అంకె పెద్దదైతే గుండు పెద్దది. కోళ్ళ దొంగల మీద పేల్చే ఇరవైరెండు గుండు కందిగింజంత. దుప్పిని కొట్టే మూడు వందల డెబ్బై అయిదు ఎండు బఠాణీ అంత. ఏనుగును కొట్టే నాలుగు వందల డెబ్బై కుంకుడు గింజంత. అన్నిటికన్నా పెద్దది ఆరు వందలు, అది మంచి రేగుపండంత. అంతవరకు ఎవరికైనా బోధపడుతుంది.

బోరు తుపాకీ దగ్గరకు వచ్చేసరికి కథ తిరగబడుతుంది. అక్కడ పన్నెండు చిన్నది, నాలుగు పెద్దది. చేరిన వారంలోనే నేను దీని మీద కాలు జారాను. ఒక తోట కిరాణి, అదే గుమాస్తా, వచ్చి పన్నెండు బోరులో చిన్న సీసం పూసలుండే నాలుగు నంబరు రవ్వ తూటాలు కావాలన్నాడట, పిట్టలు కొట్టుకోవడానికి. నా చెవికి నాలుగు ఒక్కటే అందింది. నేను తీసుకెళ్ళి నాలుగు బోరు తూటా ఆయన చేతిలో పెట్టాను. జానెడులో సగం కన్నా కొంచెం ఎక్కువ పొడవు, ఇత్తడిది, చంటిపిల్ల చేయంత బరువు. ఆయన దాన్ని చూసి, "అమ్మా, నేను కొట్టబోయేది పావురాన్ని. దీంతో కొడితే ఈకలైనా దొరుకుతాయా?" అన్నాడు.

పాక్‌చిక్ ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఒక పౌను సీసం తీసుకొని పన్నెండు ఉండలు చెయ్యి. అందులో ఒక ఉండ పట్టే గొట్టం పన్నెండు బోరు. అదే పౌనుతో నాలుగే ఉండలు చెయ్యి. ఆ ఉండ పట్టేది నాలుగు బోరు. అప్పుడు నాకు వెలిగింది. ఒకే పిండితో పన్నెండు సున్నుండలు చుట్టే ఇల్లు, నాలుగే చుట్టే ఇల్లు. మాది మొదటి రకం. నాలుగు బోరు గుండు ఉసిరికాయంత ఉంటుంది. ఆ చుట్టిన చెయ్యి ఎవరిదో గానీ పొదుపు తెలియని చెయ్యి.

ఈ కొలతలన్నీ కొనేవాళ్ళకు చూపించడానికి తౌకే ఒక చెక్క పలక చేయించి, తూటాల గది తలుపు పక్కన గోడకు పెట్టించాడు. చిన్న తూటాలను తీగతో కట్టారు. పెద్దవాటిని కింద అరలో నిలబెట్టారు. కందిగింజ నుంచి ఉసిరికాయ దాకా వరసగా. అన్నిటిలోంచి పేలుడు మందు తీసేసింది పాక్‌చిక్కే. నాలుగు బోరుది ఉత్త ఇత్తడి గొట్టం, దాని మూతి మీద సీసం గుండు మూతలాగ పెట్టి ఉండేది, అంతే. నేను వారానికొకసారి చింతపండు పెట్టి తోమేదాన్ని. తుపాకీ సామానుకు చింతపండేమిటని పాక్‌చిక్ తలపట్టుకునేవాడు గానీ, ఇత్తడికి చింతపండు కాక ఇంకేమిటి?

ఇక మా అత్తగారి దగ్గరికి వస్తాను.

మీలో చాలామంది అడ్డపొగ చూసి ఉండరు. మన ముసలమ్మలు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని తాగేవారు. ఆరిన కొస బయటకు, మండే కొస లోపలికి. గాలికి ఆరదు, వానకు ఆరదు, ఎవరికీ నిప్పు కనబడదు, రెండు చేతులూ పనికి ఖాళీ. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన అమ్మమ్మలు తెచ్చిన విద్య. పెదవులు మూస్తే లోపల పొయ్యి ఉందని పక్కవాళ్ళకు కూడా తెలియదు.

ఒకరోజు నేను తూటాల గదిలోకి వెళ్ళేసరికి మా అత్తగారు పెట్టెల మధ్య ఊడుస్తోంది. ఆమె ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది. 

"అత్తా! ఇక్కడ చుట్టేటి? ఇదంతా మందు గది!"

"అయితే ఏటి?"

"నిప్పు పడితే ఊరంతా లేసిపోద్ది!"

"నిప్పెక్కడుందే, సూపించు. బయటున్నాదా? నా నోట్లో ఉన్నాది. నా నోరు పేల్తే నేనే పోతాను, నీకేటి నష్టం?"

"తౌకే సూస్తే ఇద్దర్నీ పంపించేస్తాడు. మళ్ళీ కంచె లోపలికే."

"ఆడు సూడడు. నువ్వు నోర్మూసుకో. నేను మూసుకోలేదా?"

వాసన పట్టేవాళ్ళు లేరు. తౌకే పొద్దస్తమానం ముందు గదిలో సిగరెట్లు కాల్చేవాడు, పైగా ఆయన దేవుడి గూట్లో అగరొత్తులు. మా అత్తగారి పొగ ఆ పొగలో కలిసిపోయేది. ఎవరైనా పిలిస్తే మాత్రం చుట్ట దాచాలి. దానికి ఆమె వెతుక్కున్న చోటు నాలుగు బోరు తూటా. గుండు ఎత్తి, చుట్ట లోపల దింపి, గుండు మూత పెట్టి, "వత్తన్నా బాబూ" అంటూ వెళ్ళేది. సగం కాలిన చుట్ట అందులో కొలిచి చేసినట్టు పట్టేది. ఏనుగుల కోసం దొరల సీమలో తయారుచేసిన సామాను ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చిందనేది.

నాకు ఆ సంగతి తెలుసు. చెప్పలేను. అత్తగారి మీద చాడీ చెప్పి ఏ ఇంటికి వెళ్ళి అన్నం తినాలి? మీరైతే మరో ఇల్లు అద్దెకు తీసుకుంటారు. మాకు ఒక గదే ఉండేది, అందులో ఆమె చాప నా చాపకు ఆనుకొని ఉండేది.

అంతలో ఊరికి కొత్త పోలీసు దొర వచ్చాడు. ఎండకు ఇంకా ఎర్రబడుతున్న వయసు. పౌరుల చేతుల్లో అంతంత పెద్ద తుపాకులు ఎందుకని అతనికి అనుమానం వచ్చింది. అవి అడవిలోకి పోతే ఏమిటి గతి? డబ్బిచ్చి కొనుక్కోగల తుపాకుల్లో అన్నిటికన్నా పెద్దది ఏదో చూసి, కౌలాలంపూర్‌లో పైవాళ్ళకు చెబుతానన్నాడు. ప్రమాదమనిపిస్తే తౌకే లైసెన్సు ఆపేస్తానన్నాడు.

తౌకే ఆ రోజు మమ్మల్నందరినీ పిలిచి చెప్పాడు. ఆయన మలాయూ, అరవం కలిపి, అక్కడి అలవాటుగా మాట చివర లా తగిలించి మాట్లాడేవాడు, నేను మన భాషలో రాస్తున్నాను.

"రేపు దొర వస్తాడు. షాపు శుభ్రంగా ఉండాలి. ఎవరూ తుమ్మకూడదు లా. షాపు మూస్తే నేను గాలాలు అమ్ముకుంటాను. గాలాలకు నూనె రాయడానికి మనుషులు అక్కర్లేదు."

అంటే మేము మళ్ళీ కంచె లోపలికి. ఆయన చెప్పకపోయినా నాకు లెక్క వచ్చింది.

మర్నాడు తౌకే సాక్ష్యం కోసం ఇద్దరు తోట దొరలను పిలిపించుకున్నాడు. ఒకాయన పొడుగు, ఒకాయన లావు. ఇద్దరూ షాపుకు పాత బేరగాళ్ళు, ఇద్దరికీ ఏనుగు తుపాకులు ఉన్నాయి. పొడుగు దొరది ఆరు వందల రైఫిలు. లావు దొరది వాళ్ళ తాత కాలం నాటి నాలుగు బోరు. ఈ తుపాకులు అడవిలోవాళ్ళకు పనికిరావు, మోయలేరు, తూటాలు దొరకవు అని వాళ్ళు చెప్పాలి. చెప్పి వెళ్ళిపోవాలి. అదీ ఏర్పాటు.

కానీ ఏనుగు తుపాకీ ఉన్న ఇద్దరు మగవాళ్ళను ఒక గదిలో పెడితే వేరే ఏర్పాటు జరుగుతుంది.

పోలీసు దొర అనుకున్న దానికన్నా ముందే వచ్చేశాడు. వెనక ఊడుస్తున్న అత్తగారు బూట్ల చప్పుడు విని అలవాటు ప్రకారం చుట్టను దాచేసింది. దొర రాగానే తౌకే, "పలక పట్టుకురా!" అని నన్ను కేకేశాడు. నేను రెండు చేతులతో పలక ఎత్తాను. నాలుగు బోరు తూటా నా మణికట్టుకు తగిలింది. వెచ్చగా ఉంది.

అత్తగారి వైపు చూశాను. ఆమె చీపురు పట్టుకొని పైకప్పు చూస్తోంది.

గాలి ఆడదు కదా, ఆరిపోతుందిలే అనుకున్నాను. ఆరడానికి వీలుగా చాలా నెమ్మదిగా నడిచాను. "పెళ్ళికూతురిలాగ వస్తావేం?" అన్నాడు తౌకే. తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆ సీసం గుండు ఒక పక్క సొట్టపోయి ఉందని, ఆ సందులోంచి గాలి ఆడుతుందని నాకు అప్పుడు గుర్తులేదు.

పోలీసు దొర వంగి పలకను చూశాడు. "ఇందులో ఏది అన్నిటికన్నా పెద్దది?" అన్నాడు.

"ఆరు వందలు," అన్నాడు పొడుగు దొర.

"నాలుగు," అన్నాడు లావు దొర.

పోలీసు దొర ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పాక్‌చిక్ వాళ్ళ ఇంగ్లీషును నాకు చెవిలో మలాయూలో చెబుతున్నాడు.

లావు దొర అన్నాడు: "కంత చూడవయ్యా. నీ రైఫిలు గొట్టంలో నా చిటికెనవేలు పట్టదు. నాదాంట్లో బొటనవేలు తిరుగుతుంది."

"కంత పెద్దదైతే సరా? మీ తాత తుపాకీ వెళ్ళి ఏనుగును తడుతుంది. నాది లోపలికి దిగుతుంది."

"నువ్వు ఏనుగును ఎప్పుడు చూశావు?"

"నువ్వెప్పుడు చూశావు?"

 నేను పనిచేసినన్నాళ్ళూ ఆ రెండు తుపాకులూ ఒక్క ఏనుగును కూడా ఎరగవు. లావు దొర తన నాలుగు బోరును ఒకసారి అడవిపంది మీద పేల్చాడు. పంది వెళ్ళిపోయింది, రబ్బరు చెట్టు పోయింది, దొర భుజానికి వారం రోజులు కట్టు కట్టారు.

మాట పడిందేమో, లావు దొర కోపంగా బల్ల మీదికి వంగి నాలుగు బోరు తూటాను చేత్తో ఎత్తాడు. "మాటలెందుకు, ఇది చూడు!" అని పోలీసు దొర ముక్కు ముందు పెట్టాడు.

పోలీసు దొర చూశాడు. సొట్టపోయిన గుండు పక్కనుంచి సన్నగా, నీలంగా, తీరిగ్గా పొగ లేస్తోంది.

లావు దొర చేతికి వేడి అప్పుడు తెలిసింది. ఆయన ఆ తూటాను ఎంత మెల్లగా బల్ల మీద పెట్టాడంటే, నిద్రపోతున్న పసిపిల్లను కూడా ఎవరూ అలా పడుకోబెట్టరు. పెట్టాక మాత్రం మెల్లగా ఏదీ జరగలేదు. పొడుగు దొర టోపీల అలమర వెనక్కి దూకాడు. లావు దొర బల్ల కిందికి దూరాడు, సగం పట్టాడు. పోలీసు దొర చేపల వలల గుట్టలో పడ్డాడు. తౌకే దేవుడి గూటి ముందు బోర్లా పడుకున్నాడు. నిలబడి మిగిలింది నేను, పాక్‌చిక్.

పాక్‌చిక్ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఆయన భయపడటం లేదు, గుర్తుచేసుకుంటున్నాడు. ఆ తూటాలోంచి మందు తీశానా లేదా? వయసు మీద పడి ఒకటి మరిచిపోయానా?  అన్నేళ్ళ పనితనం, పేరు, అన్నీ ఆ పొగలో పోతున్నాయి.

నేను నోరు తెరిస్తే అత్తగారు పోతుంది. తెరవకపోతే మందున్న తూటాను పలక మీద పెట్టారని పాక్‌చిక్ పోతాడు, ఆయనతోపాటు షాపు పోతుంది, షాపుతోపాటు మేమూ పోతాం. అటు నుయ్యి, ఇటు గొయ్యి అని పెద్దలు ఎందుకన్నారో ఆ రోజు తెలిసింది. 

"నీళ్ళు! నీళ్ళు పొయ్యండి!" నేలమీద నుంచి తౌకే అరిచాడు.

పాక్‌చిక్ బకెట్టు అందుకున్నాడు. అంతే, వెనక నుంచి చీపురు నేల మీద పడిన చప్పుడు.

"ఓలమ్మో! నీళ్ళు పొయ్యకండి బాబూ! నీళ్ళు పోస్తే అదింక దేనికి పనికొస్తాది?"

మా అత్తగారు వస్తోంది. పడుకున్నవాళ్ళను దాటుకుంటూ వస్తోంది. బల్ల దగ్గరికి వచ్చి, సీసం గుండును చేత్తో ఎత్తి పక్కన పెట్టి, ఏనుగు తూటాలో రెండు వేళ్ళు పెట్టి చుట్టను పైకి తీసింది. ఊదింది. కొస ఎర్రబడింది. ఎర్రబడిన కొసను నోట్లో పెట్టుకొని పెదవులు మూసింది.

మా శ్రీకాకుళం వైపు చుట్ట అది. మలయా ఉత్తరాన జార్జ్‌టౌన్ రేవులో ఓడ దిగే మన వాళ్ళెవరో తెస్తే కొనుక్కునేది. దాన్ని నీళ్ళపాలు చేయడమంటే ఆమెకు ఉద్యోగం పోవడం కన్నా పెద్ద నష్టం. నేను ఆమెను చాలా విషయాల్లో తప్పుపట్టాను గానీ, ఈ ఒక్క విషయంలో ఎప్పుడూ పట్టలేదు.

 వలల్లోంచి పోలీసు దొర గొంతు వచ్చింది.

"నిప్పు ఎక్కడికి పోయింది?"

పాక్‌చిక్ మలాయూలో నాకు చెప్పాడు. నేను తెలుగులో అత్తకు చెప్పాను.

"నోరు సూపించమంటన్నాడు అత్తా."

"నోరెందుకు? ఆడేటి, పళ్ళ డాక్టరా?"

"సూపించీయే, నీకు దండం పెడతాను."

అత్తగారు నోరు తెరిచింది. లోపల నాలుక మీద చిన్న ఎర్రని వెలుగు. పోలీసు దొర వలతో సహా లేచి దగ్గరకొచ్చి చూశాడు. లావు దొర బల్ల కింద నుంచి తల పెట్టి చూశాడు. పాక్‌చిక్ మాత్రం అత్తగారి నోరు చూడలేదు. ఖాళీ ఇత్తడి గొట్టాన్ని తలకిందులు చేసి, విదిల్చి, లోపల వేలు పెట్టి తిప్పాడు. మందు లేదు. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.

ముందు నవ్వింది పొడుగు దొర. టోపీల మధ్య కూర్చొని కళ్ళు తుడుచుకుంటూ, "కౌలాలంపూర్‌కి చెప్పవయ్యా," అన్నాడు. "మలయాలో పౌరుల దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద ఆయుధం ఒక ముసలమ్మ నోట్లో ఉంది. నేను స్వయంగా నేలమీద పడుకొని చూశాను అని చెప్పు."

పోలీసు దొర చొక్కా చేతికి ఒక గాలం గుచ్చుకొని వేలాడుతోంది. పాక్‌చిక్ దాన్ని ఊడదీస్తుంటే ఆయన తలుపు మీద నాలుగు భాషల్లో ఉన్న ఎర్ర అక్షరాలను చూశాడు, మా అత్తగారిని చూశాడు. చెబితే మొత్తం చెప్పాలి. మొత్తం చెబితే తాను వలల్లో పడిందీ చెప్పాలి. ఆ లెక్క ఆయన ముఖం మీద నాకు చదవడం వచ్చింది, మూడో తరగతి చాలింది.

"తుపాకులు ఉండవచ్చు," అన్నాడు చివరికి. "కానీ ఆ గదిలోకి నోట్లో నిప్పుతో ఇంకొకరు వెళ్ళారో, షాపు మూయిస్తాను."

దొరలంతా వెళ్ళాక తౌకే కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు నన్ను పిలిచాడు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి రోజు నుంచి తౌకే."

ఆయన ఒకసారి కళ్ళు మూసి తెరిచాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

నేను ఒక్క మాటే అన్నాను. "అత్తగారు."

ఆ మాటకు ఆయన ఏదో అనబోయాడు. అదే సమయానికి మేడ మీద నుంచి చేతికర్రతో నేలను టకటకా కొట్టిన చప్పుడు. తౌకే తల్లి ఆమె, కొడుకు భోజనానికి ఆలస్యమైతే అలా కొట్టేది. తౌకే ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. అంతటి మనిషి, అన్ని తుపాకుల యజమాని, చొక్కా సర్దుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి నా వైపు చూసి, "సరే లా," అన్నాడు. ఇంక ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు తూటాల గది బయట ఒక ముక్కాలి పీట వేయించాడు. అత్తగారిని దాని మీద కూర్చోమన్నాడు. ఊడ్చే పని నాకు వచ్చింది. ఆమె పని ఒక్కటే, లోపలికి వెళ్ళే ప్రతివాడి నోరు తెరిపించి చూడటం. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదేనని మీరు నవ్వవచ్చు. కానీ నోట్లో నిప్పు ఎలా దాస్తారో ఆ ఊళ్ళో ఆమెకు తప్ప ఎవరికి తెలుసు? రాసిన అక్షరాలను దాటి ఎవరైనా వెళ్ళగలరు, మా అత్తగారిని దాటి వెళ్ళలేరు.

ఆమె ఆ ఉద్యోగాన్ని చాలా శ్రద్ధగా చేసింది. తౌకే రోజూ నోరు తెరిచేవాడు. పాక్‌చిక్ తెరిచేవాడు. "ఈ బాబుకి పన్ను పుచ్చిపోనాది, లవంగం పెట్టుకోమను," అని నాతో చెప్పించేది. తోట దొరలు ముందు విసుక్కున్నా, తర్వాత స్నేహితులను తీసుకొచ్చి మరీ ఆమె ముందు నిలబెట్టేవారు. పోలీసు దొర తనిఖీకి వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే టోపీ తీసి, వంగి, నోరు తెరిచాడు. నేను మాత్రం రోజుకు పది సార్లు లోపలికీ బయటికీ తిరిగేదాన్ని, పది సార్లూ తెరవాలి. కోడలి నోటిని అంత దగ్గరగా, అన్ని సార్లు, జీతం తీసుకొని మరీ చూసిన అత్త ఇంకొకరు ఉండరు. నోరు మూసుకోమని చెప్పే అవకాశం కూడా ఆమెకు అక్కడే దొరికేది.

తర్వాత మెర్డెకా వచ్చింది. ఊరంతా జెండాలు. పోలీసు దొర ఓడెక్కాడు. ఆయన చోటికి ఒక మలాయ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు, కుర్రవాడు, ఇస్త్రీ మడత నలగని బట్టలు. మొదటిసారి తనిఖీకి వచ్చి నేరుగా తూటాల గది వైపు నడిచాడు. పీట మీద నుంచి మా అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"నోరు తెరువు బాబూ."

తౌకే చెమటలు తుడుచుకున్నాడు. పాక్‌చిక్ గబగబా మలాయూలో సంగతంతా చెప్పాడు. ఇది షాపు నియమం అనీ, పాత దొర కూడా తెరిచేవాడనీ చెప్పాడు. ఇన్‌స్పెక్టరు అంతా విన్నాడు. నవ్వలేదు. చక్కగా నోరు తెరిచాడు. అత్తగారు చూసి, బాగుంది ఎల్లమంది. అతను వెళ్ళలేదు. ఆమె వైపు వంగి, ముసలమ్మను పిలిచే పిలుపుతో అడిగాడు.

"నెనెక్, మీరు అందరి నోళ్ళూ చూస్తారు. మరి మీ నోరు ఎవరు చూస్తారు?"

పాక్‌చిక్ నాకు చెప్పాడు. నేను అత్తకు చెప్పాను.  ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. మా అత్తగారు తౌకేను చూసింది, ఆయన వేరే వైపు చూశాడు. పాక్‌చిక్‌ను చూసింది, ఆయన గొట్టం తుడుస్తున్నాడు. చివరికి నా వైపు తిరిగింది.

"ఒలమ్మీ. ఇలాగ రా."

వెళ్ళాను. పీట మీద కూర్చొని ఆమె నా ముందు తల ఎత్తి, నోరు తెరిచింది.

మెర్డెకా ఆగస్టులో వచ్చిందని మీ పుస్తకాల్లో ఉంటుంది. క్లాంగ్‌లో నాకు కొన్ని వారాలు ఆలస్యంగా వచ్చింది. నేను తొందరపడలేదు. లాంతరు తెప్పించుకొని మరీ చూశాను.